మామయ్య మిర్చి ఎక్కిన పడవ

ఇవాళ పొద్దున పాల ప్యాకెట్ కోసం వెళ్తే మా వీధి మలుపులో కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. నీలంగా కృష్ణా నది, దాని మీద ఎర్రటి పడవ, ఒడ్డున నవ్వుతున్న రైతు, పైన వరసగా నాయకుల తలకాయలు. మన పత్తికీ మిర్చికీ నదీ రేవు వస్తోందట, ఇక మన జిల్లాల దశ తిరిగిపోతుందట. ఆ రైతు పంచెకి ఇస్త్రీ మడత కూడా నలగలేదు. చూడగానే మా మేనమామ గుర్తొచ్చాడు. ఆయనైతే ముందు ఆ ఫ్లెక్సీ వెనక్కి వెళ్ళి చూసేవాడు, అటువైపు ఇంకేమైనా రాసి దాచారేమోనని. ఎందుకంటే ఇదే రేవు ఇదివరకు ఒకసారి ఆయన ఊరికి వచ్చింది.

మామయ్యది అమరావతికి ఎగువన ఏటి ఒడ్డు ఊరు. అనుమానం ఆయనకి పుట్టుకతో వచ్చింది. కిరాణా కొట్లో పంచదార కొంటే అక్కడే నోట్లో వేసుకుని చూస్తాడు. ప్రత్తిపాడుకి పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు, ఎదురుగా కూర్చున్నది పెళ్ళికూతురేనా, ఆమె చెల్లెలా అని పదేపదే అడిగాడని అత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంది. కానీ మిర్చి కాయ సంగతిలో మాత్రం ఆ చుట్టుపక్కల ఆయన మాటకి తిరుగులేదు. బస్తా మూతి దగ్గర కాయని ముట్టుకోడు. మోచెయ్యి దాకా లోపలికి దూర్చి, అడుగునున్న కాయ లాగి, చెవి దగ్గర పెట్టుకుని విరుస్తాడు. ఆ చప్పుడు వినీ, వాసన చూసీ కాయ ఎలాంటిదో చెప్పేస్తాడు. "పైనుండేయి పెళ్ళిబట్టలమ్మాయ్, అసలు సంగతంతా అడుగునుంటది" అనేవాడు.

కొన్నేళ్ళ క్రితం ఆ ఊరి ఏటి ఒడ్డున సర్వేవాళ్ళు దిగారు, వాళ్ళ వెనకే కాంక్రీటు గట్టూ లేచింది. సరుకు పడవలొస్తాయన్నారు. కాయ నేరుగా బెజవాడ బ్యారేజీ దగ్గర గోదాముకి చేరుతుంది, ఎగుమతి చేసేవాళ్ళు అక్కడే కొనుక్కుంటారు, ఊళ్ళో కూడా గోదాములు కడతారు, కుర్రాళ్ళకి పనులొస్తాయి అన్నారు. ఊరంతా ఆశపడింది. మామయ్య మాత్రం నాకు ఫోను చేసి, "బూట్లకి బురదంటని ఇంజనీరుని నమ్మకూడదమ్మాయ్" అన్నాడు. గడకర్ర పట్టుకుని మొలలోతు నీళ్ళలో దిగి ఏటి లోతు తానే కొలిచి వచ్చాడు. సభ పెడితే లేచి, "వేసంగిలో తాగడానికే నీళ్ళుండవు, తమరి పడవ ఇసక మీద నడుస్తదాండీ?" అని అడిగాడు. వచ్చిన అధికారి నవ్వి, ఒక్క విడత సరుకు పంపి చూడమన్నాడు. బాగా చేరితే ఊళ్ళో గోదాములు కడతామనీ, చేరకపోతే రేవు మాటే ఎత్తబోమనీ అన్నాడు. ఊరివాళ్ళంతా మామయ్య వంక చూశారు. ఆయన కాయ వెళ్తే వాళ్ళదీ వెళ్తుంది. మామయ్య ఒప్పుకున్నాడు. పడవ మీద నమ్మకంతో కాదు, గుంటూరు మిర్చి యార్డు దళారుల మీద అంతకంటే పెద్ద అనుమానం ఉండబట్టి.

సరుకు పంపేముందు కల్లంలో చేసే పని ఒకటుంది. బాగా ఎండిన కాయని అలాగే తొక్కితే పొడైపోతుంది. అందుకని మా వైపు బస్తాలకెత్తే ముందు కాసిని నీళ్ళు చల్లుతారు. కాయ మెత్తబడి విరక్కుండా ఉంటుంది. కాస్త తూకమూ వస్తుంది, ఆ మాట మాత్రం ఎవరూ పైకి అనరు. సాయంత్రం లారీ ఎక్కిన బస్తా తెల్లారేసరికి గుంటూరు యార్డులో అమ్ముడుపోతుంది కాబట్టి ఆ తడితో ఎవరికీ పేచీ లేదు. ఆ రోజూ మామయ్య బిందె పట్టుకుని, అలవాటు ప్రకారం, ధారాళంగానే చల్లాడు. తర్వాత అత్తయ్య మంగళగిరి చీర అంచు చించి ప్రతి బస్తా మూతికీ తనకి తప్ప ఎవరికీ విప్పరాని ముడి వేశాడు. ఆ చీర ఇంకా కట్టుకుంటున్నదేనట, ఆ గొడవ వేరే. దారిలో పడవవాళ్ళు మంచి కాయ తీసి తాలుకాయ కలుపుతారని ఆయన భయం. ఎవరి చెయ్యీ దూరకుండా పైన టార్పాలిన్ బిగించి కట్టించాడు. అదీ చాలక తానే పడవెక్కి బస్తాల మీద కూర్చున్నాడు.

పడవ దారిలో ఇసుక మేట ఎక్కి కూర్చుంది. దాన్ని లాగడానికి ఇంకో పడవ రావాలి, అది ఎక్కడో ఉంది. నాకు ఫోన్ల మీద ఫోన్లు. "కావాలనే ఆపారమ్మాయ్." "ఈ పడవోడు వంట చేసుకుంటా నా బస్తాల వంకే చూస్తన్నాడు." రోజులు గడిచాయి. ఎలాగో పడవ కదిలి బెజవాడ చేరిందని తెలిశాక నేను క్యారేజీలో అన్నం పెట్టుకుని గుంటూరు నుంచి వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి బస్తాలు గోదాము ముందు గట్టుకి దింపి ఉన్నాయి. మామయ్య గడ్డం మాసిపోయి, కళ్ళు ఎర్రబడి, ఒక్కొక్క ముడీ తడిమి చూస్తున్నాడు. ఒక్కటీ చెదరలేదు. గెలిచినవాడిలా నా వంక చూసి మొదటి బస్తా విప్పాడు. మోచెయ్యి దాకా చెయ్యి దూర్చి, ఉలిక్కిపడి లాక్కున్నాడు. లోపల ఆవిరి. చేతికొచ్చిన కాయ విరిస్తే విరగలేదు, వంగింది. తొడిమ చుట్టూ తెల్లటి బూజు, ముక్కిన వాసన. రెండో బస్తా అంతే, పదోదీ అంతే. "ఏటి గాలి! ఏటి గాలికి కాయంతా ముక్కిపోయింది! ఆనాడే చెప్పా, వింటేగా!" అని గోదాము దద్దరిల్లేలా అరిచాడు. కొనడానికి వచ్చినవాళ్ళు తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయారు. నేను గోనె మీద చెయ్యి వేసి చూశాను. పైన పొడిగా ఉంది.

"మామయ్యా, గోనె తడవలేదు కదా. తడి లోపల్నుంచే..." అన్నాను.

ఆయన నా వంక చూశాడు. తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. దారి పొడుగునా అందరినీ అనుమానించిన మనిషికి తన చేతిలో బిందె ఒక్కటే కనపడలేదు.

ఊరికెళ్ళాక మాత్రం ఏటి గాలి అనే చెప్పాడు. ఆయన మాట తప్పయ్యే అవకాశమే లేదు కాబట్టి ఊరు నమ్మింది. మళ్ళీ ఒక్క బస్తా కూడా పడవ ఎక్కలేదు. అధికారులు అన్న మాట నిలబెట్టుకుని రేవు మాట ఎత్తడం మానేశారు. పడవల కోసం పోసిన గట్టు మీద ఇప్పుడు మిర్చి ఆరబోస్తున్నారు. గోదాముల్లో పని చేస్తామనుకున్న కుర్రాళ్ళు మార్టూరు వెళ్ళి రాయి పాలిష్ మిషన్ల దగ్గర దుమ్ము మింగుతున్నారు. ఆ రేవు నిజంగా నిలదొక్కుకునేదా అంటే నాకూ అనుమానమే. ఇసుక మేట అబద్ధం కాదు, ఆ ఇంజనీరు బూట్లూ అబద్ధం కాదు. మామయ్యంటే నాకు ప్రాణం. అయినా ఆ కుర్రాళ్ళు దగ్గుతుంటే విన్నప్పుడల్లా ఆయన మీద కోపం వస్తుంది.

ఇంటికొచ్చి ఫోను చేశాను. మామయ్య ఇప్పుడు పొలానికి వెళ్ళడం మానేశాడు, వినికిడీ తగ్గింది. రేవు మళ్ళీ వస్తోందట అని గట్టిగా అరిచి చెప్పాను. ఈసారి తడపకుండా పంపమని ఊళ్ళో ఒక్క మాట చెప్పకూడదా అని కూడా అన్నాను. అటువైపు తలుపు మూసిన చప్పుడు వినిపించింది. అప్పుడు, గొంతు తగ్గించి, "అమ్మాయ్, నువ్వెవరికీ చెప్పలేదుగా?" అన్నాడు.

చెప్పలేదన్నాను. నమ్మినట్టు లేదు. నాలుగేళ్ళు గడిస్తే ఎంత నిజమైనా చెప్పడం తేలికవుతుందని నేననుకునేదాన్ని. కానీ గడిచిన ప్రతి ఏడూ దాన్ని ఇంకాస్త బరువు చేస్తుందని ఆయన గొంతు విన్నాకే తెలిసింది.