ఐరీన్ పెదవులు

నిన్న మనవడు టీవీ శబ్దం ఆపేసి రిమోట్ ఎక్కడో పడేశాడు. తెరమీద ఎవరో అమ్మాయి ఏడుస్తూ ఏదో చెబుతోంది, వినబడదు. చప్పున ఐరీన్ గుర్తొచ్చింది. ఆవిడ పోయి ముప్ఫై ఏళ్లు దాటినా నాకు బెంగ తీరలేదు.

ఎనభైల మొదట్లో, మేం అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్లో ఉన్నప్పుడు, మా పక్కింట్లో ఒంటరిగా ఉండేది. డెబ్భై దాటిన మనిషి. పోలండ్‌లో పుట్టి, పన్నెండో ఏట పిన్నితో అమెరికా వచ్చి, పదిహేడు నిండేసరికి మూకీ సినిమాల్లో కథానాయిక అయిందట. తొమ్మిది సినిమాలు చేసింది. టాకీలు రాగానే గొంతు పరీక్ష పెట్టి, ఇంగ్లిష్‌లో యాస ఉందని ఒక్క పూటలో ఇంటికి పంపేశారు. ఆ కసితో మాస్టారిని పెట్టుకుని యాస పోగొట్టుకుంది, తన భాషను మళ్లీ నోటెంట రానివ్వలేదు. అప్పటికే సినిమావాళ్లు ఆవిడను మరిచిపోయారు. మిగతా జీవితమంతా బట్టల షాపులో గడిచింది.

నాకు ఇంగ్లిష్ నేర్పింది ఆవిడే. వి, డబ్ల్యూ ఒకేలా పలికితే చెంచాతో టేబుల్ మీద కొట్టేది. నేను మాత్రం తక్కువ తిన్నానా? "ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడండి, పాప కన్‌ఫ్యూజ్ అవుతోంది" అని మా అమ్మాయి స్వాతి వాళ్ల టీచర్ అనడమే ఆలస్యం, తెలుగు కట్టిపెట్టేశాను. ఐదేళ్ల పిల్లను నా వచ్చీరాని ఇంగ్లిష్‌లో ముద్దుచేయడం!

"మంచిదేలే, రేపు జాబ్ ఇంటర్వ్యూల్లో ప్రాబ్లమ్ ఉండదు" అన్నారు మా ఆయన.

ఐరీన్ కూడా, "గుడ్. నాలా అవస్థ పడదు" అని మెచ్చుకుంది.

కొన్ని నెలలకు, ఒక శనివారం, లైబ్రరీలో ఆవిడ సినిమా వేశారు. తొమ్మిదింటిలో మిగిలింది ఒక్క రీలే. లిప్‌స్టిక్ రాసుకొచ్చి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. తెరమీద పడుచు ఐరీన్ రైలు కిటికీలోంచి చూస్తూ, ఏడుస్తూ, ఏదో అంటోంది. అబ్బ, ఏం కళ్లవి!

"అక్కడ డైలాగ్ లేదు. ఏదైనా అనుకో అన్నాడు డైరెక్టర్" అని నా చెవిలో చెప్పింది. "మా అమ్మతో మాట్లాడాను, మా భాషలో. పన్నెండేళ్లప్పుడు స్టేషన్‌లో వదిలాను, మళ్లీ చూడలేదు."

"ఏమన్నారు?" అన్నాను ఆత్రంగా.

తెరమీది పెదవులతో పాటు తనవీ కదిపింది. మాట రాలేదు. ఆపరేటర్‌ను బతిమాలి రీలు మళ్లీ వేయించింది. మళ్లీ కదిపింది.

"సరోజా, మా అమ్మతో ఏం చెప్పానో నాకే అర్థం కావడం లేదు" అని చిన్నపిల్లలా ఏడ్చింది.

చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి ఆవిడను ఇంట్లో దింపాను. ఇంటికి రాగానే స్వాతి కాళ్లకు చుట్టుకుంది.

"రా తల్లీ, అన్నం తిందువుగాని" అన్నాను.

"వాట్, మామ్?" అని తెల్లమొహం వేసింది. ఆ కాస్త కాలంలోనే! ఒళ్లో కూర్చోబెట్టుకుని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. ఇది అన్నం, ఇది నెయ్యి, ఇది అమ్మ.

ఇప్పుడు స్వాతికి యాభై దగ్గరపడుతోంది. రోజూ ఫోన్ చేసి తెలుగులోనే నాతో పోట్లాడుతుంది. యాస ఉందా అంటే, బోలెడుంది. ఉండనివ్వండి.