మోటారు వద్దన్న కాలు

నా కుడికాలు రెండేళ్లుగా మండుతోంది. పగలు చీమలు పాకినట్టుంటుంది, రాత్రి నడుం వాలిస్తే నిప్పుల మీద పెట్టినట్టుంటుంది. హిందూపురంలో చూపించుకున్న చోటల్లా ఒకటే మాట: "షుగరు నరం తాతా. వయసైంది, సర్దుకుపోవాల." సర్దుకుపోవడానికి ఇదేమన్నా పక్కింటివాళ్లతో గోడ తగాదానా? నేను టైలరును. కాలితో తొక్కే మిషను మీద యాభై ఏళ్లకు పైగా బతికినవాణ్ణి. బడికి పోయింది రెండో తరగతి దాకానే. కొలతలు కత్తిరించుకోవడానికి కిలోల లెక్కన తెచ్చుకున్న పాత పేపర్లు చదివి మిగతా చదువు నేర్చుకున్నాను. నన్ను కూర్చోబెట్టి వయసు సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

మా అల్లుడికి కరెంటు సామాన్ల షాపుంది. మంచివాడే. మొన్న ఒక మోటారు తెచ్చి నా మిషను పక్కన పెట్టాడు. "సోమవారం బిగిస్తా మామా, ఇంక నీకు తొక్కే పనుండదు" అన్నాడు. జాకెట్టు మెడ గుండ్రం తిరిగే చోట అరకుట్టు వేసి ఆగాలి. ఎక్కడ ఆగాలో కాలికి తెలుస్తుంది. మోటారుకు పరుగు వచ్చుగాని ఆగడం రాదు. ఆ మాటే అంటే మా అమ్మాయి, "ఆ కాలికే ఏమీ తెలీడం లేదు గదా నాయనా" అంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. సోమవారం లోపల ఆయుర్వేదంలో దీనికేముందో చూసుకొని వస్తానని, శుక్రవారం పొద్దున బయల్దేరాను. నాలాంటి కాళ్లు మోసుకు తిరిగేవాళ్లు ఈ తట్టు చాలామంది ఉన్నారు గనుక, దారి వివరంగా రాస్తున్నాను.

హిందూపురం బస్టాండులో ఏడుంబావుకు పెనుకొండ బస్సు. ఆడవాళ్లకు టికెట్టు లేదు, ముసలివాళ్లకు పావు వంతు తగ్గింపు. ఆధార్ కార్డు ఇస్తే కండక్టరు దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఫోటోలో ఇంకా ముసలోనివిగా ఉండావే పెద్దాయనా" అన్నాడు. "అది ఫోటో తీసినోని పనితనం" అన్నాను.

సోమందేపల్లిలో ఒకామె ఎక్కింది. అరవై దాటి ఉంటాయి, చేతిలో గుడ్డసంచి. నా మంటకాలు చెప్పులోంచి తీసి నడవలోకి చాపుకొని ఉన్నాను.

"ఏమన్నా, కాలు అడ్డం పెట్నావు, టోలుగేటా?" అంది.

"మండుతాందమ్మా. గాలి తగిలితే కొంచెం నయం."

"నీది మండనన్నా మండుతాంది. నాది ఉండాదో లేదో తెలీదు. దూది మీద నడిసినట్టుంటాది. చెప్పు జారిపోయినా యెనక్కి తిరిగి చూసుకుంటేనే తెల్సేది."

పేరు గంగమ్మ. మూడెకరాల్లో శెనక్కాయ పెడతారు. ఆమె కూడా పెనుకొండలో నేను పోయే వైద్యశాలకే వస్తోంది. ఊరు చెప్పాను గనుక ఆ వైద్యశాల పేరు చెప్పను. మూడు సిట్టింగుల్లో నరాలకు కొత్త బలం అని దాని కాగితాలు హిందూపురం గోడల మీద కూడా ఉన్నాయి.

కార్ల ఫ్యాక్టరీ బస్సులు రోడ్డంతా ఆక్రమించుకొని పోతూ ఉంటే, మా బస్సు వాటి వెనకే నిదానంగా వచ్చి ఎనిమిదిన్నరకు పెనుకొండలో దింపింది. బస్టాండు ఎదుట ఉగ్గాని, బజ్జీ తిన్నాం. బజ్జీ కాలులాగే మండింది. అక్కణ్ణుంచి కొండ వైపు నడిచి పోయేంత దూరమే గాని, నడిచే కాళ్లు కావు గనుక ఆటో ఎక్కాం.

వైద్యుడు నలభై ఏళ్లవాడు. ఇద్దరికీ నాడి పట్టుకొని చూశాడు, కాళ్లు మాత్రం చూడలేదు. "వాతం నరాల్లో కూర్చుంది" అన్నాడు. ఇద్దరికీ కిళి రాశాడు. ఆకులు, పొడులు గుడ్డలో మూటకట్టి, పెనం మీద నూనెలో వేడిచేసి, ఆ మూటతో కాపడం పెట్టడాన్ని కిళి అంటారు. నిజంగా మంచి వైద్యమే. మా అవ్వ ఆముదం ఆకు వెచ్చజేసి నా మోకాళ్లకు కట్టేది. ఆకును ముందు తన చెంపకు తాకించుకొని, ఆ తర్వాతే నా కాలి మీద పెట్టేది. డెబ్బై ఏళ్లు కావస్తున్నా ఆమె చెంపకు అంటిన ఆముదం మెరుపు నాకింకా గుర్తుంది.

గంగమ్మను ముందు పడుకోబెట్టారు. కాపడం పెట్టే మనిషి నడివయసువాడు, పనిలో హుషారుగానే ఉన్నాడు. మూట అరికాలికి అద్ది, "వేడి తెలుస్తాందామ్మా?" అన్నాడు.

"లేదప్పా."

మూట మళ్లీ పెనం మీదికి పోయింది. "ఇప్పుడు?"

"ఊహూఁ. ఇంకొంచెం కాల్చప్పా, ఏమీ తెల్దు."

మూడోసారి మూటలోంచి పొగ లేచింది. నేను బల్ల మీద నుంచి లేచి చూశాను. గంగమ్మ పాదం అంచు ఎర్రగా కంది, ఒకచోట బుడగ పొంగుతోంది. ఆమె మాత్రం పైకప్పు వైపు చూస్తూ నిమ్మళంగా పడుకొని ఉంది.

"ఆపు!" అని అరిచాను. "ముందు నీ చెంపకు పెట్టుకో దాన్ని!"

"ఏందబ్బా, నువ్వేమన్నా డాక్టరువా?" అని నవ్వాడు. మూట అతని చేతిలోంచి లాక్కొని అతని మోచేతికి చూపించాను. ఇంకా తగలనే లేదు, "అబ్బా!" అని గోడకంటుకున్నాడు. తర్వాత గంగమ్మ కాలు చూశాడు. ఇక నవ్వలేదు.

కేకలు విని వైద్యుడు వచ్చాడు. "పెద్దాయనా, గలాటా చెయ్యడానికి ఇదేమన్నా సంతా?"

"తెలీదు మొర్రో అని వచ్చిన కాలినే తెలుస్తాందా అని అడుగుతారా స్వామీ? మీ వాతం నరాల్లో కాదు, ఈ పెనం కాడ కూర్చోనుండాది."

ఇష్టం లేకపోతే పోవచ్చు అన్నాడు. పోయే ముందు గంగమ్మ కాలి మీద బిందెడు చన్నీళ్లు పోయించాను. ఆమె తన కాలిని రెండు చేతులతో ఎత్తి పట్టుకొని, వేరేవాళ్ల కాలిని చూసినట్టు చూసింది. "వెచ్చగా గూడా లేదన్నా నాకు" అంది. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

ఇక్కడితో ఇంటికి తిరిగి పోతే ఆయుర్వేదం ఇంతే అని మా వీధంతా అనుకుంటుంది. నేను తిట్టింది వైద్యాన్ని కాదు, చూడకుండా చేసే చేతులను. గంగమ్మ అక్క కూతురు ధర్మవరంలో ఉంది. అక్కడ ఆయుర్వేదం చదివిన డాక్టరమ్మ ఒకామె ఉందని, కాళ్లు చూసిగాని చీటీ రాయదని ఆ పిల్ల చెప్పిందట. "మొదులే ఆడికి పోకపోతివా?" అంటే, "ఈడ మూడు సార్లకే అయిపోతాదని రాసిండారు గదన్నా" అంది. గోడల మీది రాతలు చదివి వచ్చినవాణ్ణి నేను కూడా, ఏమంటాను.

పదకొండుకు ధర్మవరం బస్సు దొరికింది, చెన్నేకొత్తపల్లి మీదుగా. రోడ్డుకు రెండు పక్కలా శెనక్కాయ చేలు. గంగమ్మ కిటికీలోంచి ప్రతి చేనుకూ మార్కులు వేస్తూ వచ్చింది. "ఈడు యిత్తనం పల్సగా ఏసినాడు. వీడు బాగుండాడు." ధర్మవరంలో దిగేసరికి పన్నెండు దాటింది. పట్టుచీరల అంగళ్ల వీధి వెనక ఒక మెస్సులో జొన్నరొట్టె, శెనగ్గింజల పొడి, వంకాయ కూర తిన్నాం. డాక్టరమ్మ గది ఆ సందులోనే. మెట్లెక్కే పని లేదు, కాళ్ల జబ్బులవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన సంగతి.

ముప్పై అయిదేళ్ల పిల్ల. గంగమ్మ కాలు చూడగానే మొహం ముడుచుకుంది. నాడి జోలికి పోకుండా ముందు కట్టు కట్టింది. తర్వాత నన్ను బల్ల మీద కూర్చోమంది. కాలు కడిగి, తుడిచి, "కళ్లు మూసుకో తాతా. తగిలినప్పుడు చెప్పు" అంది. చేతిలో గాలం దారంలాంటి నైలాను పోగు.

ఎడమకాలు సరిగానే చెప్పాను. కుడికాలి దగ్గర నేను "ఆఁ" అన్నప్పుడు ఆమె తాకనే లేదట. తాకినప్పుడు నేను నోరు మెదపలేదట. "నువ్వు పోగు మార్చినావేమో" అన్నాను. "అదే పోగు తాతా" అంది. తర్వాత టార్చి వేసి పాదం కింద చూసి, చిన్న పట్టకారు తీసుకుంది. స్టీలు పళ్లెంలో టింగుమని ఏదో పడింది.

సూది మొన. పదహారో నంబరు, నా మిషను సూదే. వట్టి కాలితో తిరిగే దుకాణంలో ఎప్పుడో విరిగి, బొటనవేలి కింద కాయ కట్టిన చోట దిగబడింది. చుట్టూ చీము పట్టింది. సూది కింద పడితే చప్పుడును బట్టి నంబరు చెప్పేవాణ్ణి. అది నా కాలిలోనే ఎన్నాళ్లుందో నాకు తెలియలేదు.

గంగమ్మ తొంగి చూసింది. "ఆయప్పను చెంపకు పెట్టుకోమని అంత అరిస్తివే అన్నా! నీ కాల్లో సూది నీకే తెలీకపాయనా?"

నేను డాక్టరమ్మ వైపు తిరిగాను.

"మండేది ఎందుకు మండుతాది మరి? సూది తెలీని కాలికి మంట ఎట్ల తెలుస్తాది?" అని డాక్టరమ్మనే గదమాయించాను.

"కేకలు పెట్టే నరం వేరు తాతా, కబురు తెచ్చే నరం వేరు. నీకు కేకలు మిగిలినాయి, కబురు ఆగిపాయ."

ఎక్స్-రే తీయించి, పక్క వీధి ఆసుపత్రిలో టీటీ ఇంజెక్షను వేయించుకొని రమ్మంది. ఎక్స్-రేలో చూస్తే కాలి లోపల ఇంకేమీ మిగల్లేదు. అప్పుడు వైద్యం చెప్పింది. పుండు మానిన తర్వాత రోజూ పడుకునే ముందు పిండతైలం, గోరువెచ్చగా కూడా కాదు, ఊరికే. మడమ నుంచి పైకి మెల్లగా రాయాలి, వేళ్ల సందుల్లో నూనె నిలవనీయకూడదు. కాపడం, వేడినీళ్ల తొట్టి, ఇటుక కాల్చి పెట్టడం అన్నీ బంద్. షుగరు మాత్రలు ఎవరు చెప్పినా ఆపకూడదు. మంటకు కడుపులోకి ఒక కషాయం, దానికి పథ్యం. రోజూ అద్దం కింద పెట్టి అరికాలు చూసుకోవాలి. "నరం మళ్లీ పడుచుది కాదు తాతా. మంట తగ్గుతాది, నిద్ర పడతాది. అంతకు మించి చెప్తే అబద్ధం" అంది. రెండేళ్లలో నాతో నిజం మాట్లాడినవాళ్లలో ఈమే మొదటిది.

"మిషను తొక్కచ్చునా?"

"పుండు మానినాక తొక్కు. అయితే వట్టి కాలితో వద్దు. ఇంట్లో గూడా చెప్పు వేసుకోవాల. మెత్తగా, ముందర మూసినట్టుండేది."

"చెప్పు కాలు మిషను మీద పెట్టను." ఆయుధపూజకు పసుపు కుంకుమ పెట్టే మిషనది. దుకాణంలోకి చెప్పుతో వచ్చిన గిరాకీని బయటికి పంపినవాణ్ణి.

"అట్లయితే తొక్కొద్దు."

"తొక్కుతా."

"అట్లయితే ఆ బొటనవేలు ఇప్పుడే తీసేస్తా తాతా, ఇంకోసారి వచ్చే పని తప్పుతాది."

గంగమ్మ నవ్వు వీధిలోకి వినిపించింది. నేను నవ్వలేదు. చెప్పు లోపలి కుట్టు కాలికి తగలకుండా ఉండేది చూసుకో అని మాత్రం డాక్టరమ్మ చివర్న చెప్పింది. ఆ ఒక్క మాట నాకు పట్టుకుంది.

గంగమ్మ కట్టు మార్పించుకోవడానికి అక్క కూతురింట్లో ఉండిపోయింది. అయిదు దాటాక నాకు హిందూపురం రైలు. ముసలివాళ్ల రాయితీ కరోనాలో తీసేశారు. కరోనా పోయింది, రాయితీ మాత్రం తిరిగి రాలేదు. మీటరుగేజి రోజుల్లో ఈ దారిన బొగ్గు నుసి కళ్లలో పడేది, ఇప్పుడు టికెట్టు ధర పడుతోంది.

ఎదుటి సీట్లో నా ఈడు చేనేత మనిషి, మనవరాలి నిశ్చితార్థానికి పోతున్నాడు. నా కట్టు చూసి అడిగాడు. చెప్పాను. చెప్పు మాట రాగానే చెంపలు వేసుకున్నాడు. "తప్పబ్బా. మగ్గం గుంతలోకి చెప్పుతో దిగితే మా నాయన కాళ్లిరగ్గొట్టేవాడు."

"మీ నాయన కాలు ఎట్లుండె?"

అతను కిటికీ వైపు తిరిగాడు. రైలు ఒక స్టేషనులో ఆగి, కదిలింది. "ఆఖర్న మోకాలి కాడికి తీసేసిరి" అన్నాడు.

నా ఆలోచన అప్పటికి తెగింది. రోడ్డు తొక్కింది చెప్పు. రోడ్డు మొహమే ఎరగనిది చెప్పెలా అవుతుంది? దళసరి గుడ్డ, కింద షుగరు కాళ్ల చెప్పులకు వేసే మెత్తటి ఎంసీఆర్ రబ్బరు అట్ట, కుట్లన్నీ బయటి వైపుకు. యాభై ఏళ్లు ఊరందరి ఒంటికీ చొక్కాలు కుట్టాను, నా కాలికి ఒక చొక్కా కుట్టుకోలేనా? జేబులోంచి టేపు తీసి కట్టు మీదుగా వేశాను. వంగితే మడమ అందలేదు. చేనేత మనిషి కిందికి వంగి టేపు కొస మడమ దగ్గర పట్టుకున్నాడు. వేళ్ల కాడ కొంచెం వదులు పెట్టి అంకె చూసుకున్నాను. నా కొలత నేను తీసుకోవడం అదే మొదలు.

పెనుకొండ దాటాక అతను చెప్పు విప్పి, తన కాలు నా సీటు మీదికి చాపాడు. "ఇది గూడా కొలువు. బయటికి చెప్పొద్దు మల్ల."

"చెప్పుతా" అన్నాను. చెబుతున్నాను కూడా.

హిందూపురంలో అల్లుడు స్కూటరు మీద వచ్చాడు. "సోమవారం బిగించేదా మామా?" అన్నాడు. ఆ మోటారు ఎవరైనా ఓపిక లేని పడుచువాళ్లకు అమ్ముకో అన్నాను. మా అమ్మాయికి మాత్రం నువ్వన్నది నిజమేనమ్మా అని చెప్పాను. తెలియని కాలిని ఎలా చూసుకోవాలో తెలుసుకొని వచ్చానని కూడా చెప్పాను.

ఈ దారిన పోయేవాళ్లకు ఒకటే మాట. వయసని పంపేసేవాళ్ల దగ్గరా, మూడు సిట్టింగులని పిలిచేవాళ్ల దగ్గరా ఆగకండి. మీ కాలు చేతిలోకి తీసుకొని చూసేవాళ్లు దొరికేదాకా తిరగండి. నాకు పుండు మానేదాకా కత్తిరింపులే. ఆ తర్వాత జాకెట్లు కుట్టించుకునేవాళ్లు తెచ్చుకోవచ్చు. చెప్పులు బయటే వదలాలి, ఆ నియమం మారలేదు.