పెళ్లిచూపుల్లో చుట్ట పొగ

ఈ రోజు నా పెళ్లిచూపులు. రేపల్లె నుంచి పెళ్లికొడుకు, అతని అమ్మానాన్నలు మధ్యాహ్నం బండికి తెనాలిలో మా ఇంటికి వచ్చారు. టిఫిన్ కాగానే పెద్దాయన చుట్ట వెలిగించారు. పక్కనే ఉన్న ఆయన భార్య కొంగు అడ్డం పెట్టుకుని దగ్గడం మొదలుపెట్టారు.

“పెళ్లయినప్పటి నుంచీ ఈవిడకి ఇదే దగ్గు. ఏ మందూ పనిచెయ్యదు,” అన్నారాయన.

తల వంచుకుని కూర్చోమని అమ్మ పొద్దుటి నుంచి చెబుతూనే ఉంది. అయినా నా నోరు ఆగలేదు.

“మీ పొగ వల్లేమోనండి. పక్కనున్నవాళ్లు పీల్చినా ఊపిరితిత్తులు పాడవుతాయంట.”

“కాల్చే నాకు లేని జబ్బు ఆవిడకెలా వస్తుందమ్మా?”

“ఎవరు కాల్చారో పొగకి తెలీదు కదండీ!”

నాన్న ముఖం పాలిపోయింది. సంబంధం పోయినట్టే అనుకున్నాను. అంతలో ఆవిడ దగ్గు ఆపుకుని, “ముందు మీరు వీధిలోకెళ్లి కాల్చుకోండి. ఈ అమ్మాయే మన కోడలు!” అని తేల్చేశారు. ఆయన గొణుక్కుంటూ చుట్టతో సహా బయటికి నడిచారు.

“నన్ను కూడా ఒక మాట అడుగమ్మా,” అన్నాడు పెళ్లికొడుకు. ఇల్లంతా ఒకటే నవ్వులు.

నన్ను మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అందుకే ముందు మీకే చెబుతున్నాను, అబ్బాయి నాకు భలే నచ్చాడు. మీరైతే ఆ పొగలో నోరు మూసుకుని కూర్చునేవారా?