మామ్మగారు మానేసిన చుక్క

పక్కింటి మామ్మగారు పోయారు. కార్తీకస్నానానికి తెల్లవారుజామున కాలవ రేవుకి వెళ్లి, కాలి పక్కనే ఉన్న విరిగిన మెట్టు కనిపించక పడిపోయారు. పుణ్యమాసంలో పోయింది, అదృష్టవంతురాలు అంటున్నారు ఊళ్లో. నాకు అందులో పుణ్యమేమీ కనబడలేదు.

నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే, వాళ్ల వీధరుగు మీద. నేను పెద్దయ్యాక అదే అరుగు మీద తల వెనక్కి వాల్చి కంట్లో మందు వేసుకుంటూ, "అమ్మాయీ, ఇప్పుడు నవ్వించకు, చుక్క కారిపోతుంది" అనేవారు. ఆవిడకి నీటికాసులు. కంట్లో ప్రెషర్ పెరిగి, నొప్పయినా తెలియకుండా చూపుని తినేసే జబ్బు. రోజూ మూడు రకాల చుక్కలు. ఆ మందు గొంతులోకి దిగి చేదుగా తగులుతుందని, ప్రాణంలాంటి కార్తీక ఉపవాసాలే మానుకున్నారు.

రెండేళ్ల కిందట రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి, ఇంత బూజు కింద వండి మీ అందరికీ పెట్టానా అని తెగ సిగ్గుపడ్డారు. తరవాత పరీక్షకి రాజమండ్రి నేనే తీసుకెళ్లాను. ఆపరేషన్‌తో ప్రెషర్ కూడా దిగిందన్నారు డాక్టరుగారు. "రెండు మందులు ఆపేద్దామండి. పొద్దున్న వేసుకునే ఒక్కటి మాత్రం మానకండి. ప్రెషర్ మళ్లీ పెరగొచ్చు, చూపించుకుంటూ ఉండాలి."

మామ్మగారు మొదటి మాట ఒక్కటే ఇంటికి తెచ్చుకున్నారు. ఆ కార్తీకంలో ఉపవాసాలు మొదలుపెట్టి, ఆ ఒక్క చుక్కా మానేశారు. ఎంత చెప్పినా వినలేదు.

"చేదు గొంతు దిగిందంటే మింగినట్టే కదమ్మా. అయినా శుభ్రంగా కనిపిస్తోందిగా."

మాసం అయిపోయింది. ఎదురుగా ఉన్నదంతా కనిపిస్తూనే ఉంది. సీసా మళ్లీ తెరవలేదు, పరీక్షకీ రానన్నారు.

నిరుడు ఇదే మాసంలో ఇద్దరం కాలవలో దీపాలు వదిలాం. అరటిదొప్పలో ఆవిడ దీపం కాస్త పక్కకి జరిగింది.

"అప్పుడే కొండెక్కేసిందేంటమ్మా?"

దీపం వెలుగుతూనే ఉంది. మర్నాడే రాజమండ్రి తీసుకెళ్లాను.

డాక్టరుగారు మళ్లీ మూడు మందులూ రాశారు. పక్కలనున్నవి చూసే చూపు పోయిందనీ, పోయింది ఇక రాదనీ చెప్పారు. ఆ తరవాత మామ్మగారు ఒక్క పూట మానలేదు, ఉపవాసం నాడు కూడా. "శివుడు ఏమీ అనుకోడులే" అనేవారు, చేదు మింగుతూ. ఆ మాట ఏడాది ముందు తట్టి ఉంటే ఏం పోయేదని నాకు ఇప్పటికీ కోపం. పోట్లాడదామంటే ఆవిడ లేరు.

నిన్న సాయంత్రం ఆవిడ పేరున ఒక దీపం వదిలాను. అదీ నీటివాలుకి పక్కకే పోయింది. తల తిప్పకుండా ఎదురుగానే చూస్తూ నిలబడ్డాను. దీపం కనిపిస్తూనే ఉంది.