గరప తగిలేదాకా

బుల్లయ్య మేస్త్రి తాపీ పట్టి నలభై ఏళ్లయింది. పర్చూరు చుట్టుపక్కల ఆయన చెయ్యి పడని వీధి లేదు. అలాంటి మనిషికి ఒక్క గోడ మాత్రం పంటి కింద రాయిలా ఉండేది. అది సొంత ఊళ్లోని చర్చి గోడ.

ముప్పై ఏళ్ల కిందట దాన్ని కట్టింది ఆయనే. క్రిస్మస్‌కి ప్రతిష్ఠ జరగాలని అందరూ తొందరపెట్టారు. నల్లరేగడిలో రెండడుగులు తవ్వి, చాల్లే అనుకుని గోడ లేపేశాడు. రేగడి ఊరుకుంటుందా? వానకు ఉబ్బింది, ఎండకు నెర్రెలిచ్చింది, గోడను నిలువునా చీల్చింది. ఇక ఏటా క్రిస్మస్ ముందురోజు బొచ్చెడు సిమెంటు మాలు కలిపి ఆ బీట పూడ్చడం, ఎండలు ముదిరేసరికి అది మళ్లీ నోరు తెరవడం! "ఈ నేలే అంత" అని జనం సరిపెట్టుకుంటుంటే బుల్లయ్య తల దించుకుని మాలు పూసేవాడు.

నిజం చెప్పాలంటే అప్పట్లో ఆయన భక్తి కూడా రెండడుగులే. ఆదివారం ఆరాధన, పండక్కి కొత్త చొక్కా, అంతే. భార్య కనకమ్మ వారం రోజుల జ్వరంతో పోయినప్పుడు మనిషి లోలోపల చీలిపోయాడు. ఆ బీటకు పూయడానికి ఏ మాలూ దొరకలేదు. తెల్లారి లేవగానే "తండ్రీ, ఇవాళ నువ్వే నడిపించు" అనడం అప్పుడే మొదలుపెట్టాడు. మొదట్లో ఏడుస్తూ అన్నాడు. ఏడుపు ఆగాక కూడా మానలేదు. ఆ మాట అననిదే ఇప్పుడు తాపీ ముట్టుకోడు.

పోయిన ఏడు పాత చర్చి పడగొట్టి కొత్తది కట్టాలనుకున్నారు. పని బుల్లయ్యకే ఇచ్చారు. ఈసారి గట్టినేల తగిలేదాకా తవ్వుతానని, దాని మీద మూడడుగుల ఇసుక నింపి ఆపైన పునాది వేస్తానని చెప్పాడు. రేగడి ఎంత ఉబ్బినా ఇసుక సర్దుకుంటుంది, గోడను కదలనివ్వదు. మేస్త్రీలకు తెలిసిన సంగతే. సంఘపెద్ద సాల్మన్ మాస్టారు మాత్రం ఇసుక ట్రాక్టరును చూసి ఎగిరిపడ్డారు.

"మందిరం కింద ఇసకా? ఇసక మీద ఇల్లు కట్టినవాడు బుద్ధిలేనివాడని ప్రభువే చెప్పాడు కదయ్యా! ఊరంతా నవ్వుద్ది. ట్రాక్టరు వెనక్కి పంపు. లేకపోతే వేరే మేస్త్రిని పెడతాం!"

బుల్లయ్యకు పోయేది పని కాదు, తన తప్పు దిద్దుకునే ఒకే ఒక్క అవకాశం! పైగా వాయుగుండం వస్తోంది. రేపు గుంటలోకి నీళ్లు దిగితే అంతా బురదే.

"మాస్టారండీ, నాకు చదువు రాదు. అదే కథ ఇంకో సువార్తలో ఉందని, అందులో బుద్ధిమంతుడు ముందు లోతుగా తవ్వాడని మీరే చదివి వినిపించారు. నేను తవ్వలేదండి. పాత గోడ చీలింది నేల తప్పు కాదు, నా తప్పు. సాయంత్రందాకా టైమివ్వండి. అడుగున గట్టిది తగలకపోతే నేనే వెళ్లిపోతా."

మాస్టారు ట్రాక్టరును ఉండమని చెయ్యి ఊపారు. ముప్పై ఏళ్లలో ఈ నిజం ఎవరు చెప్పారు గనక!

ఇక చూడాలి ఆ పని! మిరపచేల నుంచి వస్తున్న ఆడవాళ్లు కూడా తట్టలందుకున్నారు. నాలుగడుగులు, నల్లమట్టి. అయిదు, నల్లమట్టే. తూర్పున మబ్బు కమ్ముకొచ్చింది. ఆరడుగుల దగ్గర కూడా పలుగు వెన్నలోకి దిగినట్టు దిగుతోంది. బుల్లయ్య తనే గుంటలోకి దిగాడు. "తండ్రీ!" అని బలంకొద్దీ పొడిచాడు.

ఖంగుమంది!

"గరప! గరప తగిలిందండోయ్!"

గులకరాళ్లు కలిసిన గట్టినేల అది. మాస్టారు పంచె ఎగ్గట్టి నిచ్చెన దిగారు. మడమతో తన్ని చూశారు. వంగి అరచెయ్యి ఆనించారు. తర్వాత తలెత్తి ఊరంతా వినపడేలా అరిచారు.

"ఇంకా చూస్తారేంట్రా? ఇసక పొయ్యండి!"

ఆఖరి తట్ట పడ్డాక చినుకు మొదలైంది. అందరూ భయపడిన ఆ వానే ఇసుకను తడిపి గట్టిగా కుదించింది.

గోడలు లేచాయి, కప్పు పడింది. ఈ ఏడు ఎండలకు పొలాల్లో కాలు పట్టేంత నెర్రెలు పడ్డాయి. క్రిస్మస్ ముందురోజు బుల్లయ్య అలవాటుకొద్దీ బొచ్చెడు మాలు కలిపి తెచ్చాడు. చర్చి చుట్టూ వేలితో తడుముతూ ఒకసారి తిరిగాడు. నమ్మకం కుదరక మళ్లీ తిరిగాడు. వెంట్రుకంత బీట కూడా లేదు.

"ఆ మాలేం చేస్తావయ్యా?" అన్నారు మాస్టారు.

"పారబోస్తానండి! పూడ్చడానికేం లేదండీ మాస్టారూ, పారబోస్తాను!"

మాస్టారు స్తోత్రం చెప్పేలోపే బుల్లయ్య ఏడుస్తూ, నవ్వుతూ బొచ్చె బోర్లించేశాడు.