కాళ్ల కింద సంచి

అనాటమీ రెండోసారి కూడా తప్పాను. మెడిసిన్ మానేస్తానని ఇంట్లో చెప్పడానికి ప్రొద్దుటూరులో జమ్మలమడుగు బస్సెక్కాను. సీనియర్లు చదువుకోమని ఇచ్చిన ఎముకల సంచిని కాళ్ల కింద పడేశాను. దారిలో బ్రేకు పడగానే తొడ ఎముక ఒకటి బయటికి జారి, పక్కన కూర్చున్న పెద్దావిడ పాదాలకు తగిలింది. ముందు సీటాయన చూసి కాళ్లు పైకి లాక్కున్నాడు. ఆమె మాత్రం దాన్ని తీసి కొంగుతో దుమ్ము తుడిచింది.

"ఎవురిది పాపా ఇది?"

"తెలీదవ్వా. డాక్టరు సదువుకు ఇస్తారు. నాకింక అక్కర్లేదులే. ఎంత సదివినా తలకెక్కడంల్యా, మానేస్తాండా."

ఆమె ఎముకను ఒళ్లో పెట్టుకుని, తల మీద కొంగు కప్పుకుని కళ్లు మూసుకుంది. నా కోసమే ప్రార్థన చేస్తుందనుకుని నేనూ తల వంచాను.

"ప్రభువా, ఈ పాప సదువుకు తమ మనిషినిచ్చినోళ్ల ఇంటిని సల్లగా సూడు. ఆమేన్."

నా ఊసే ఎత్తలేదు. ఎముకను నా చేతికిచ్చి కిటికీ వైపు తిరిగింది.

ఆ ఎముక మీది గుర్తులన్నీ అన్నాళ్లూ వల్లెవేశాను. అది ఎవరిదని ఒక్కనాడూ అనుకోలేదు. దిగేదాకా ఆమె ముఖం చూడలేకపోయాను. ఇంట్లో ఏమీ చెప్పకుండానే మర్నాడు కాలేజీకి తిరిగి వెళ్లిపోయాను.

ఆ తర్వాత ఇంకోసారి తప్పాను. సంచిని మాత్రం మళ్లీ కాళ్ల కింద పెట్టలేదు.