మా మావయ్య కారుకి ధర ఎలా పడిపోయిందంటే

మొన్న మా మనవడు పాత కారొకటి కొంటానని ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఏ కారు మూడేళ్లకే సగం ధరకి దిగిపోతుందో, ఎందుకు దిగిపోతుందో అందులో ఎవరో చెబుతుంటే, పరీక్షకి చదువుతున్నవాడిలా వింటున్నాడు. పెట్రోలు ఎక్కువ తాగుతుందట, స్పేరు పార్టులు దొరకవట, ముగ్గురి చేతులు మారిందట. నేను పక్కన చిక్కుడుకాయలు తుంచుకుంటూ ఊరుకున్నాను. నాకు కారు తోలడం రాదు, ముందు చక్రానికీ వెనక చక్రానికీ తేడా తెలియదు. కానీ ఒక కారుకి ధర పడిపోవడం కళ్లారా చూశాను. ఆ కారణం వాడి ఫోనులో లేదు.

అరవైల చివర్లో మా అమ్మ తమ్ముడు విజయనగరంలో అద్దెకారు నడిపేవాడు. వెనక డిక్కీ ఉన్న నల్ల కారు, ఒక ప్లీడరుగారి దగ్గర కొన్నది. ఆ రోజుల్లో కొత్త కారు కావాలంటే పేరు రాయించుకుని ఏళ్లతరబడి కాచుకోవాలి. అందుకని చేతిలో ఉన్న పాత బండికి ధర తగ్గే మాటే లేదు, ఒక్కోసారి కొత్తదానికంటే ఎక్కువే పలికేది. మావయ్య దాన్ని చూసుకునే తీరు చూసి మా అత్త ఊరంతా వినేలా నవ్వేది. "నేను పడకేస్తే సూడడు గానీ, ఆ బండికి దుమ్ము పడితే అన్నం సయించదు మీ మావకి" అనేది. నిజమే. ఎక్కేవాళ్లు ఎంతటివాళ్లయినా చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవాల్సిందే. ఒకసారి తహసీల్దారుగారు కూడా విప్పారని మావయ్య చెప్పుకునేవాడు, మేం నమ్మేవాళ్లం కాదు.

కారుకి ఇంజను తరవాత, పేరు ముందు అన్నది ఆయన సిద్ధాంతం. మా వైపు కొత్త కోడలిని అత్తింటికి తీసుకెళ్లడానికి కారు మాట్లాడుకునేటప్పుడు పెద్దవాళ్లు టైర్లు చూసేవారు కాదు. "ఈ బండిలో ఎవరైనా పోనారేటి?" అని అడిగేవారు. ఎవరి ప్రాణమైనా అందులో పోయిందంటే, ఆ కారులో పెళ్లికూతురు కాలు పెట్టదు. పెళ్లిళ్లు లేకపోతే అద్దెకారుకి తిండి లేదు. మా వీధి చివర అలా పేరు పోయిన కారొకటి ఉండేది. కొనేవాడు లేక, వెనక సీటులో కోళ్లు గుడ్లు పెట్టుకునేవి. అటు వెళ్లినప్పుడల్లా మావయ్య తల తిప్పుకునేవాడు.

ఒక ఏడు వైశాఖంలో మా పెదనాన్న కూతుర్ని నౌపడ ఇచ్చారు. పెళ్లికూతురికి తోడు నన్ను పంపారు. మావయ్య కారులోనే తీసుకెళ్లాడు. అక్కడ మూడు రోజులుండి, పొద్దున్నే చద్దన్నం తిని తిరుగు ప్రయాణమయ్యాం. ఉప్పు మడుల పక్కన నలుగురు రోడ్డుకి అడ్డంగా నిలబడి బండి ఆపారు. మడుల్లో పనిచేసే ఇంటి కోడలు రెండు రోజులుగా నొప్పులు పడుతోంది, మంత్రసాని చేతులెత్తేసింది, శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. మావయ్య దిగి ఆ అమ్మాయి మొహం చూశాడు. చాలాసేపు చూశాడు. రోగుల్ని ఎక్కించుకునే ముందు అలా చూడటం ఆయన అలవాటు. "ఎక్కించండి" అన్నాడు చివరికి. వెనక సీటులో ఆమె తల నా ఒళ్లో, కాళ్లు అత్తగారి ఒళ్లో. మొగుడు ముందు కూర్చున్నాడు. ఆమె జుట్టుకి ఉప్పునీటి వాసన. ఇప్పటికీ సముద్రం గాలి తగిలితే నా ఒడి బరువెక్కుతుంది.

వంశధార వంతెన దాటేవరకూ బాగానే ఉంది. దాటాక ఆమెకి ఊపిరి ఎగశ్వాసగా మారింది, కళ్లు తేలేసింది. మావయ్య అద్దంలో చూశాడు. అక్కడి నుంచి ఆసుపత్రి అరగంట దారి. కారు నెమ్మదించి, ఒక వేపచెట్టు కింద ఆగింది.

"అమ్మా, దించీద్దుమా?" అన్నాడు ఆ అత్తగారితో. "నేల తగలకుండా పేనం పోకూడదు కదేటి."

అందులో తప్పు పట్టేందుకు ఏమీ లేదు. పోయే మనిషిని మంచం మీంచి కింద పడుకోబెట్టడం అందరి ఇళ్లలోనూ ఉన్నదే. ఆ ముసలామె ఏడుస్తూనే తలూపింది. "నువ్వు సెప్పినట్టే కానీ బాబూ, ఆ పున్నెమైనా దక్కాల" అంది. మొగుడు దిగి భుజాలు పట్టుకున్నాడు. చెట్టు కింద తుండుగుడ్డ పరిచి పడుకోబెట్టాం. పరవడానికి గుడ్డ ఇచ్చింది మావయ్యే.

నేల తగిలాక ఆమె పోలేదు. కాసేపటికి కళ్లు తెరిచింది. చల్లగాలికి తేరుకుందో ఏమో, నీళ్లడిగింది. తాగి, చుట్టూ చూసి, నన్నే అడిగింది. "వచ్చీసినామా?"

ఆసుపత్రికి వచ్చేశామా అని ఆమె ఉద్దేశం. నేను మావయ్య వైపు చూశాను. "మళ్లీ ఎక్కించీద్దాం మావయ్యా" అన్నాను, గట్టిగా కాదు. ఆయన కారు తలుపు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. "దించినోల్ని మళ్లీ ఎక్కించకూడదే గుంటా" అన్నాడు. అలాంటి నియమం ఒకటుందని అంతకుముందు నేను వినలేదు, తరవాతా వినలేదు. కానీ పెద్దవాడు చెప్పాడు, అత్తగారు సరేనంది, నేను నోరు మూసుకున్నాను. ఆమె ఇంకో గంట బతికింది. ఇంకో రెండుసార్లు అదే మాట అడిగింది. రెండోసారి మొగుడు "వచ్చీసినాం" అన్నాడు.

శవాన్ని ఎడ్లబండి మీద వాళ్ల ఊరు తీసుకెళ్లారు. మావయ్య వాళ్ల దగ్గర పైసా పుచ్చుకోలేదు. కారు పేరు చెక్కుచెదరలేదు, ఆ శ్రావణంలో ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. ఆయనే మారాడు. పెళ్లికూతుళ్లని ఎక్కించుకుని వెళుతూ వెళుతూ మధ్యలో బండి ఆపి, వెనక్కి తిరిగి "ఏటన్నారు?" అని అడిగేవాడట. వాళ్లేమీ అనలేదని చెబితే కాసేపు అలాగే చూసి మళ్లీ నడిపేవాడట. మా అత్త ఇది నాకు చెప్పినప్పుడు నవ్వలేదు. తరవాత తరవాత వెనక సీటు ఖాళీగా ఉన్నా ఆపడం మొదలుపెట్టాడు.

మరుసటేడు కారు అమ్మేస్తానన్నాడు. బొబ్బిలి నుంచి ఒక బియ్యం వ్యాపారి వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, హారను కొట్టి, మురిసిపోయాడు. మావయ్య కొన్న ధరకంటే ఎక్కువే ఇస్తానన్నాడు. వక్కాకు నోట్లో వేసుకుంటూ, అడగాల్సిన మాట అడిగాడు. "ఈ బండిలో ఎవరూ పోలేదు కదా?"

"పోనాది" అన్నాడు మావయ్య. "కడుపుతో ఉన్న ఆడకూతురు."

వ్యాపారి నమలడం ఆపేశాడు. కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నేను ఉండబట్టలేకపోయాను. "బండిలో కాదు కదా మావయ్యా, కింద కదా" అన్నాను. ఇంటి మనిషి నష్టపోతున్నాడని ఆత్రం. మావయ్య నా వైపు తిరిగాడు. కోపం లేదు ఆ మొహంలో.

"పేనం నేల మీద పోనాదే గుంటా. అది పోనాది ఈ బండి కోసం" అన్నాడు.

వ్యాపారి కాఫీ ముట్టకుండా లేచి వెళ్లిపోయాడు. వారం తిరిగేసరికి ఊరంతా తెలిసింది. ఆ తరవాత వచ్చినవాళ్లందరికీ అడగకముందే చెప్పాడు. చివరికి ఇనుము ధరకి పోయింది. మావయ్య శ్రీకూర్మం వెళ్లి, ఏ గోత్రమో తెలియని ఆమె పేరున పిండం పెట్టించాడని విన్నాను. పురోహితుడు పేరు అడిగితే చెప్పలేకపోయాడట. మాలో ఎవరమూ ఆమె పేరు అడగలేదు.

మావయ్య పాపం మావయ్య చెప్పుకున్నాడు, దాని ధర తనే కట్టుకున్నాడు. నేను గట్టిగా ఒక్క మాట అనకపోయినందుకు నన్నెవరూ ఏమీ అడగలేదు, ఇన్నేళ్లూ నేనూ ఎవరికీ చెప్పలేదు. ఆ చెట్టు కింద అత్తగారు ఏడుస్తూ, కోడలికి ఇరవై నిండలేదంది. నాకూ అప్పటికి నిండలేదు. ఆ తరవాత ఏళ్లన్నీ నా ఒక్కదానికే వచ్చాయి.